బ్రేక్ తొక్కితే మీటర్ బోర్డు ఎందుకు వెలుగుతోంది?

పేరు వేయవద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. నాలుగు పేజీలు రాశారు. అందులో ముఖ్యమైనవి ఇక్కడ ఇస్తున్నాను.

ఆమె నడిపే కారుకు 24 ఏళ్ళు. వాళ్ళ నాన్న కొన్న బండి. చూపు మందగించి ఆయన స్టీరింగ్ వదిలేశాక ఈమె చేతికి వచ్చింది. ఉద్యోగం ముగిసేసరికి చీకటి పడిపోతుంది కాబట్టి ఇంటికి రావడం రోజూ రాత్రిపూటే. ఏడాదిగా మీటర్ బోర్డు వెలుతురు ఉన్నట్టుండి పోతోంది. స్పీడెంతో తెలియదు, పెట్రోలెంతో తెలియదు. హీటర్ నాబ్‌ల దగ్గరి చిన్న లైట్లు కూడా అదే క్షణంలో ఆరిపోతాయి. నాన్న పక్కన ఉంటే చెయ్యి చాపి, స్టీరింగ్ పక్కన వెలుతురు పెంచి తగ్గించే చిన్న చక్రం ఉన్నచోట వేలి కణుపుతో రెండు దెబ్బలు వేస్తారు. వెలుతురు వచ్చేస్తుంది. హెడ్‌లైట్లు వేయగానే టెంపరేచర్ ముల్లు, పెట్రోల్ ముల్లు రెండూ కాస్త పైకి లేస్తాయి. బ్యాటరీ బొమ్మ ఉన్న ఎర్ర లైటు రాత్రిళ్ళు నివురుగప్పిన నిప్పులా సన్నగా వెలుగుతుంటుంది. బల్బులన్నీ మార్పించారు, వెలుతురు ఎక్కువ ఉంటుందని 3 వాట్ల స్థానంలో 5 వాట్లవి పెట్టించారు. ఆ మధ్య ఫ్యూజు ఎగిరిపోతే తమ్ముడు ఎర్రది తీసి పసుపుది పెట్టాడు. ఒక మెకానిక్ మీటర్ బోర్డు మొత్తం మార్చాలన్నాడు, ఇంకొకాయన బండి అంతా కొత్త వైరింగ్ వేయాలన్నాడు. తమ్ముడు అమ్మేయమంటున్నాడు. ఆ మాట వచ్చినప్పుడల్లా నాన్న లేచి పక్క గదిలోకి వెళ్ళిపోతున్నారు. చివర్లో ఒక మాట చేర్చారు: "ఇది చెప్పాలో వద్దో తెలియదు. లైట్లన్నీ ఆపేసి ఉన్నా, బ్రేక్ తొక్కితే మీటర్ బోర్డు సన్నగా వెలుగుతుంది. కాలు తీస్తే ఆరిపోతుంది. రాత్రి బండి తీయాలంటేనే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?"

అమ్మా, మీరు చెప్పాలో వద్దో అనుకున్న ఆ మాటే నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది. దాని సంగతి వివరంగా చెబుతాను. అంతకంటే ముందు ఈ రాత్రే చూడవలసినవి రెండున్నాయి.

మొదటిది ఆ పసుపు ఫ్యూజు. బ్లేడ్ ఫ్యూజుల్లో ఎర్రది 10 ఆంపియర్లది, పసుపుది 20 ఆంపియర్లది. మీ తమ్ముడు సాయం చేద్దామనే పెట్టి ఉంటాడు, పాపం. కానీ ఫ్యూజు కాపాడేది వైరును. 10 ఆంపియర్ల ఫ్యూజు చాలని వేసిన వైరు మీద 20 ఆంపియర్లది కూర్చుంటే, ఎక్కడైనా షార్ట్ అయినప్పుడు ఫ్యూజు ఎగరడానికి ముందే వైరు కాగుతుంది, పైనున్న ప్లాస్టిక్ కరుగుతుంది. అది డాష్‌బోర్డు వెనక, మీ మోకాళ్ళ పైన జరుగుతుంది. ఫ్యూజు బాక్సు మూత మీద ఆ గడికి ఎంత అని అచ్చు వేసి ఉందో సరిగ్గా అంతే పెట్టండి. మళ్ళీ ఎగిరితే ఎగరనివ్వండి. ఎప్పుడు ఎగిరింది, అప్పుడు ఏం చేస్తున్నారు అన్నది రాసి పెట్టుకోండి.

రెండోది మీ వెనక లైట్లు. చాలా పాత కార్లలో మీటర్ బోర్డు వెలుతురుకూ, వెనక టెయిల్ లైట్లకూ, నంబర్ ప్లేటు లైటుకూ ఒకే ఫ్యూజు, ఒకే తీగ. అంటే మీ ముందు చీకటైనప్పుడు మీ వెనక కూడా చీకటై ఉండవచ్చు. హెడ్‌లైట్లు వెలుగుతూనే ఉంటాయి కాబట్టి సీట్లో కూర్చున్నవాళ్ళకు ఆ సంగతి తెలియదు. బండిని వెనక్కి తీసి ఒక గోడకు దగ్గరగా ఆపండి, లైట్లు వేయండి, అద్దంలో చూడండి. గోడ మీద ఎడమ, కుడి రెండు వైపులా ఎర్రని వెలుగు పడాలి. మీటర్ బోర్డు ఆరిపోయిన సమయంలో కూడా ఇలాగే చూడండి. అప్పుడు వెనక కూడా ఆరిపోతోందని తేలితే, బాగయ్యేదాకా రాత్రి ఆ బండి తీయకండి. ఈ ఒక్క విషయంలో మీకు వేరే దారి చెప్పలేను.

ఇక బ్రేక్ సంగతి. వెనక లైటులో చాలా కార్లకు ఒకే బల్బు ఉంటుంది, లోపల రెండు ఫిలమెంట్లు. 5 వాట్ల సన్నది టెయిల్ లైటుకు, 21 వాట్ల లావుది బ్రేక్ లైటుకు. కరెంటు వచ్చే దారులు రెండు, తిరిగి వెళ్ళే దారి మాత్రం ఒక్కటే. బల్బు ఇత్తడి ఒంటి నుంచి హోల్డరులోకి, అక్కడి నుంచి ఎర్త్ వైరులోకి, దాని నుంచి బండి బాడీలోకి. ఆ ఎర్త్ తుప్పు పట్టి సరిగా అందడం లేదనుకోండి. మీరు బ్రేక్ తొక్కగానే 21 వాట్ల ఫిలమెంట్ గుండా వచ్చిన కరెంటుకు బయటికి పోయే దారి దొరకదు. పక్కనే ఉన్న 5 వాట్ల ఫిలమెంట్‌లోకి దూరి, టెయిల్ లైటు తీగ పట్టుకుని వెనక్కి నడుస్తుంది. ఆ తీగ ఎక్కడిదాకా ఉంది? మీ మీటర్ బోర్డు దాకా. అక్కడి బల్బుల గుండా ఎర్త్‌కు చేరుతుంది. దారిలో బలం తగ్గిపోతుంది కాబట్టి అవి సన్నగా వెలుగుతాయి. మీరు చూసింది అదే.

ఇంకో రెండు కారణాలూ ఉండవచ్చు. ఒక ఫిలమెంట్ తెగి రెండోదాని మీద వాలితే రెండు తీగలూ నేరుగా కలిసిపోతాయి. లేదా ఎవరో రెండు ఫిలమెంట్ల హోల్డరులో ఒక ఫిలమెంట్ బల్బు ఇరికించి ఉంటారు, దాని అడుగున ఉన్న ఒకే సీసపు బొట్టు రెండు కాంటాక్టులకూ ఆనుకుంటుంది. ఈ రెండు సందర్భాల్లో మీటర్ బోర్డు సన్నగా కాదు, బాగానే వెలుగుతుంది. మీరు "సన్నగా" అని రాశారు కాబట్టి నా అనుమానం ఎర్త్ మీదే. బల్బు తీసి చూస్తే ఎలాగూ తేలిపోతుంది.

డిక్కీ తెరిచి లైటు వెనక మూత తీయండి. హోల్డరు పావు చుట్టు తిప్పితే బయటికి వస్తుంది. బల్బు నొక్కి తిప్పితే ఊడుతుంది. గాజును వెలుతురుకు పట్టి చూడండి, లోపల రెండు తీగలూ విడివిడిగా, తెగకుండా ఉండాలి. గాజు లోపలి వైపు నల్లబడితే ఆ బల్బు పాతబడిపోయినట్టే. తర్వాత హోల్డరు లోపల గోడ చూడండి. పాత రాగి బిందె అడుగున పట్టినట్టు పచ్చని చిలుము ఉందా? బల్బు ఇత్తడి ఒంటికి రెండు పక్కలా ఉండే చిన్న మొలకలు నల్లబడి, గుంటలు పడ్డాయా? సన్న గరుకు కాగితంతో రుద్ది ఇత్తడి మెరిసేలా చేయండి. ఆ లైటు దగ్గర సాధారణంగా నలుపు లేదా గోధుమ రంగు ఎర్త్ వైరు ఒకటి బాడీకి స్క్రూతో బిగించి ఉంటుంది. స్క్రూ విప్పి, కింద పెయింటు, తుప్పు పోయి ఇనుము తెల్లగా కనబడేదాకా గీకి, మళ్ళీ గట్టిగా బిగించి, పైన కాస్త పెట్రోలియం జెల్లీ రాయండి. రెండో వైపు కూడా ఇంతే. కొన్ని కార్లలో ఎడమ టెయిల్ లైటుకు ఒక ఫ్యూజు, కుడిదానికి ఒక ఫ్యూజు ఉంటాయి. మీ బండి అలాంటిదైతే మీటర్ బోర్డుతో ఫ్యూజు పంచుకునే వైపే ముందు చూడండి.

డిక్కీ తెరిచే ఉంది కాబట్టి ఇంకొకటి. నంబర్ ప్లేటు లైటుకు వెళ్ళే వైర్లు డిక్కీ మూత కీలు దగ్గర వంపు తిరుగుతాయి. మూత తెరిచిన ప్రతిసారీ, మూసిన ప్రతిసారీ అక్కడ వంగుతాయి. 24 ఏళ్ళ వంగుడుకు పైతొడుగు పగిలి, లోపలి రాగి బయటపడి, బాడీకి తగులుతుంటుంది. ఎర్ర ఫ్యూజు ఎగిరింది అందుకే కావచ్చు. రబ్బరు గొట్టం వెనక్కి జరిపి వేలితో తడిమి చూడండి.

ఇప్పుడు మీ ముందున్న చీకటి. ఇక్కడ మీరు నాకు రెండు మంచి సాక్ష్యాలు ఇచ్చారు. అన్ని బల్బులూ ఒకేసారి ఆరుతున్నాయి, హీటర్ దగ్గరివి కూడా వాటితోపాటే పోతున్నాయి. మీటర్ బోర్డులో ఒక మూల మాత్రమే చీకటైతే ఆ మూల బల్బునో, దాని హోల్డరునో, వెనక ప్లాస్టిక్ పొర మీద అతికించిన రాగిరేకు దారినో అనుమానించాలి. మీటర్ బోర్డు మొత్తం పోయి హీటర్ లైట్లు మిగిలితే మీటర్ బోర్డు కనెక్టరునో ఎర్త్‌నో చూడాలి. మీ విషయంలో రెండు చోట్లా ఒకే క్షణంలో పోతోంది. కాబట్టి లోపం ఆ రెండిటికీ కరెంటు విడిపోవడానికి ముందే ఎక్కడో ఉంది. ఈ కారణంగానే మీటర్ బోర్డు మార్చమన్న సలహాతో నేను ఏకీభవించలేను. వేరే బండి నుంచి తీసిన పాతది తెచ్చి బిగించినా అదీ ఇలాగే ఆరుతుంది. పైగా దాని మీద తిరిగిన కిలోమీటర్లు వేరు, మీ బండి అసలు లెక్క చెరిగిపోతుంది.

మరి ముందు ఏముంది? ఫ్యూజు, లైట్ స్విచ్చి, ఆ తర్వాత వెలుతురు పెంచి తగ్గించే చక్రం. నాన్నగారు ఎక్కడ కొడితే వెలుతురు వస్తోందో మీరే రాశారు. ఆయన వేలు సరైన చోటికే వెళుతోంది. పాత కార్లలో ఆ చక్రం వెనక పింగాణీ ముక్క మీద చుట్టిన సన్న తీగ ఉంటుంది, దాని మీద ఒక చిన్న లోహపు నాలుక జారుతుంది. ఏళ్ళ తరబడి ఎవరూ చక్రం తిప్పకపోతే నాలుక ఆనిన చోట నల్లటి పొర కడుతుంది. అదురుకు కాంటాక్టు వదిలేస్తుంది, దెబ్బకు మళ్ళీ అందుకుంటుంది.

లైట్లు ఆపి, ఆ చక్రాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు ముప్ఫై నలభై సార్లు తిప్పండి. పొర రాలిపోతుంది. తర్వాత లైట్లు వేసి మెల్లగా తిప్పండి. ఎక్కడైనా మినుకుమంటే అక్కడ తీగ అరిగింది. చక్రం వెనక రెండే వైర్లుంటే ఎలక్ట్రీషియన్ వాటిని కాసేపు నేరుగా కలిపి చూస్తాడు. వెలుతురు నిండుగా వచ్చి, ఎన్ని గుంతల్లో వెళ్ళినా పోకపోతే దోషం చక్రానిదే. మూడు వైర్లుంటే మాత్రం అలా కలపకూడదు, లోపల ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉంటుంది.

5 వాట్ల బల్బుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రెండు రకాలూ ఒకే హోల్డరులో పడతాయి కాబట్టి షాపులో ఏదో ఒకటి ఇచ్చేస్తారు. ఆరు బల్బులుంటే మొదట 18 వాట్లు, ఒకటిన్నర ఆంపియర్. ఇప్పుడు 30 వాట్లు, రెండున్నర ఆంపియర్లు. ఆ అదనపు వేడంతా చక్రంలోని తీగ, ప్లాస్టిక్ హోల్డర్లు, రాగిరేకు భరించాలి. పాతవే పెట్టించండి. వెలుతురు చాలకపోవడం బల్బు తప్పు కాదు. వోల్టేజీ 10 శాతం తగ్గితేనే ఇలాంటి బల్బు వెలుతురు సుమారు 30 శాతం పడిపోతుంది. మీటర్ బోర్డు ఎర్త్ బాగైతే 3 వాట్ల బల్బే మీకు కొత్తగా కనబడుతుంది.

ఆ ముళ్ళు రెండూ హెడ్‌లైట్లు వేయగానే లేవడం కూడా మీటర్ బోర్డు ఎర్త్ మాటే చెబుతోంది. ఇంజిన్ నిజంగా వేడెక్కితే టెంపరేచర్ ముల్లు ఒక్కటే లేస్తుంది, పెట్రోల్ దానంతటది పెరగదు కదా. చాలా పాత కార్లలో ఈ రెండు ముళ్ళకూ బ్యాటరీ వోల్టేజీ నేరుగా వెళ్ళదు. మీటర్ బోర్డు వెనక ఉన్న చిన్న డబ్బీ దాన్ని దాదాపు 10 వోల్టులకు తగ్గించి ఇస్తుంది. ఆ డబ్బీ 10 వోల్టులను మీటర్ బోర్డు ఎర్త్ నుంచి లెక్కపెట్టుకుంటుంది. ఎర్త్ వదులై ఉంటే, లైట్లు వేసినప్పుడు ఆ మెట్టే పైకి జరుగుతుంది, దాని మీద నిలబడ్డ ముళ్ళూ జరుగుతాయి.

దీన్ని పట్టుకోవడం తేలిక. లైట్లన్నీ వేసి, వోల్టులు కొలిచే మల్టీమీటరు నల్ల తీగ బ్యాటరీ మైనస్‌కు, ఎర్ర తీగ మీటర్ బోర్డు ఎర్త్ వైరుకు పెట్టాలి. 0.1 వోల్టు లోపు చూపిస్తే ఎర్త్ బాగుంది. అర వోల్టో ఒక వోల్టో చూపిస్తే దారిలో ఎక్కడో తుప్పుంది. లైట్లు వేయకుండా కొలిస్తే మాత్రం ఏమీ తెలియదు, ఒక్క పోగు మీద వేలాడుతున్న వైరు కూడా అప్పుడు బాగున్నట్టే చూపిస్తుంది. మెకానిక్‌లు మల్టీమీటరుతోపాటు బల్బున్న టెస్ట్ ల్యాంపు వాడేది ఇందుకే. అది కరెంటు తాగుతుంది కాబట్టి వైరు బలమెంతో బయటపడుతుంది. మీ కారుకు ఎయిర్‌బ్యాగులుంటే ఒక్క జాగ్రత్త: పసుపు రంగు కనెక్టర్ల జోలికి టెస్ట్ ల్యాంపు వెళ్ళకూడదు, మీటర్ బోర్డు ఊడదీసే ముందు బ్యాటరీ మైనస్ తీసి బండి పుస్తకంలో చెప్పినంతసేపు ఆగాలి.

మిగిలింది ఎర్ర బ్యాటరీ లైటు. ఇది ఎర్త్ తప్పు కాకపోవచ్చు, కాబట్టి విడిగా చూద్దాం. ఆ బల్బుకు ఒక వైపు తాళం నుంచి, ఇంకో వైపు ఆల్టర్నేటర్ నుంచి, అంటే ఇంజిన్ తిరుగుతుంటే బ్యాటరీని ఛార్జ్ చేసే యంత్రం నుంచి, కరెంటు వస్తుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు రెండు వైపులా సమానమైతే ఆరిపోతుంది. ఒకటో రెండో వోల్టుల తేడా ఉంటే నిప్పురవ్వలా మిగులుతుంది, పగలు కనబడదు. ఇంజిన్ నడుపుతూ బ్యాటరీ మీద కొలవండి, 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉండాలి. హెడ్‌లైట్లు, ఫ్యాను వేసినా 13 కంటే కింద పడకూడదు. పడితే ఆల్టర్నేటర్‌లో బ్రష్‌లు గానీ డయోడ్ గానీ పోతున్నట్టు, వాయిదా వేయకండి. కొలత బాగుండి లైటు మాత్రం సన్నగా మిగిలితే, తాళం స్విచ్చిలోనో కనెక్టరులోనో కాంటాక్టు అరిగి ఉండవచ్చు, లేదా అప్పుడే ఒక డయోడ్ బలహీనపడుతూ ఉండవచ్చు. రెండిటికీ కొంత సమయం ఉంది. చిరాకుగా ఉందని ఆ బల్బు పీకేయకండి, ఎల్‌ఈడీ పెట్టించకండి. చాలా పాత కార్లలో ఆ చిన్న బల్బు గుండా వెళ్ళే కరెంటే స్టార్ట్ కాగానే ఆల్టర్నేటర్‌ను మేల్కొలుపుతుంది. అది లేకపోతే ఛార్జింగే మొదలు కాకపోవచ్చు.

ఇక మీ ముందున్న దారులు. వెనక లైట్లు, ఫ్యూజు, చక్రం తిప్పడం మీరే ఒక ఆదివారం పూట చేసుకోగలరు. దాంతో సగానికి పైగా తేలిపోతుందని నా నమ్మకం. తేలకపోతే ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్ళండి. వెళ్ళినప్పుడు "మీటర్ బోర్డు మార్చండి" అనో "వైరింగ్ చేయండి" అనో అనకండి. మీ ఉత్తరంలో రాసినట్టే, ఏం చేస్తే ఏం వెలుగుతోంది, ఏదేది కలిసి ఆరుతోంది అన్నది చెప్పి, లైట్లు వేసి ఎర్త్ కొలవమనండి. కొలవకుండానే సామాన్ల జాబితా రాసేవాళ్ళకు బండి ఇవ్వకండి.

మొత్తం వైరింగ్ వేయమన్నాయనది పూర్తిగా తప్పని నేననను. ఒక వైరు వంచినప్పుడు పైతొడుగు పెళుసుగా విరిగితే, కొస కత్తిరించి చూసినప్పుడు లోపలి రాగి బారెడు దూరం నల్లగా, పచ్చగా ఉంటే, అప్పుడు ఆయన మాటే నిజం. కానీ చేయి తిరిగినవాళ్ళు చేయకపోతే నాలుగు లోపాలున్న బండి నలభై లోపాలతో తిరిగొస్తుంది. ముందు ఆ కొస కత్తిరించి చూపించమనండి.

అమ్మడం గురించి తమ్ముడి భయం అర్థం చేసుకోదగ్గదే, అక్క రాత్రిపూట చీకట్లో నడపడం ఏ తమ్ముడికి బాగుంటుంది. కానీ ఈ లోపాలు తీరకముందు అమ్మితే కొనేవాళ్ళకు ఇవన్నీ చెప్పి తీరాలి, చెబితే బండికి విలువ ఉండదు. తీరాక అమ్మాలా వద్దా అన్నది వేరే లెక్క. ఇంజిన్, బాడీ, బ్రేకులు ఎలా ఉన్నాయి, మీకు ఆ బండితో పని ఎంత అన్నది చూసి ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోండి. ఆ మాట నాన్నగారి ముందు ఆయనతోనే జరగాలి. ఆయన లేచి వెళ్ళిపోయేది బండి పోతుందని మాత్రమే కాదేమో, తనను ఎవరూ అడగడం లేదని కూడా కావచ్చు.

వెనక లైట్లు చూసేటప్పుడు మీకు ఇంకొకరి సాయం కావాలి. మీరు డిక్కీ దగ్గర హోల్డరు పట్టుకుని కదిపి చూస్తుంటే ఎవరో ఒకరు బ్రేక్ తొక్కి పట్టాలి, మీటర్ బోర్డు వెలిగిందా ఆరిందా అని అక్కడి నుంచి చెప్పాలి. ఇంజిన్ ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, నాన్నగారిని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టండి. ఏ వైపు హోల్డరు కదిపినప్పుడు ఆయన "ఆరింది" అన్నారో నాకు రాయండి.